పాటకు చిరునామా కావాలి: ఊరి చరిత్రను పాటగానూ ముచ్చటగానూ రికార్డు చేసే పద్ధతి

నా దగ్గర తొంభై నిమిషాల క్యాసెట్ ఒకటి ఉంది. దాని అట్ట మీద నీలి సిరాతో ‘మల్లన్న కథ, రెండో వైపు’ అని తప్ప మరేమీ రాసి లేదు. అందులో ఒగ్గు కథకుడు (డోలు, తాళాలతో మల్లన్న వంటి దేవుళ్ల కథలు చెప్పేవాడు) మల్లన్నకూ మేడలమ్మకూ పెళ్లి జరిగే ఘట్టం దగ్గర కథ ఆపుతాడు. ఎదురుగా కూర్చున్న ఇంటివారి పెద్దలు ఏ ఊరు విడిచి, ఏ వాగు దాటి, గొర్రెల మందలతో ఎక్కడికి వచ్చి గుడిసెలు వేసుకున్నారో ఇంటిపేర్లతో సహా నాలుగు నిమిషాల పాటు పాడతాడు. ఒక ప్రాంతపు వలసల చరిత్రకు అంతకంటే విలువైన ఆధారం దొరకడం కష్టం. అయితే ఆ కథకుడు ఎవరో, అది ఏ ఊరో, ఎవరి ఇంట ఏ సందర్భంలో పాడాడో చెప్పే ముక్క ఒక్కటి కూడా ఆ టేపులో లేదు. దానిని రికార్డు చేసినవాడిని నేనే. చదువుకునే రోజుల్లో ‘ఇది ఎలాగూ గుర్తుంటుంది’ అనుకొని చేసిన పని అది.

ఆ పొరపాటు నుంచి నేర్చుకున్నదే ఈ మార్గదర్శికి ఆధారం. పాటను మాత్రమే రికార్డు చేస్తే అది చిరునామా లేని ఉత్తరంలా మిగులుతుంది. ముచ్చటను, అంటే మాటల్లో చెప్పే జ్ఞాపకాలను మాత్రమే రికార్డు చేస్తే, మనిషి మాటల్లో చెప్పలేక పాటలో మాత్రమే దాచుకున్నది బయటికి రాదు. ఈ రెండింటినీ ఒకే పనిగా, ఒకే మనిషి దగ్గర, ఒకదానితో మరొకదానిని సరిచూసుకుంటూ ఎలా రికార్డు చేయాలో కింద వివరిస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా తెలంగాణ, పల్నాడు ప్రాంతాలవి అయినా పద్ధతి ఏ ప్రాంతానికైనా వర్తిస్తుంది.

మొదటి మెట్టు: హద్దు గీసుకోవడం

‘మా జిల్లా జానపద కళలు’ అనే పేరుతో మొదలుపెట్టిన పని సాధారణంగా పది పాటల ముక్కలతో ఆగిపోతుంది. ఒక ఊరు, లేదా ఒక కథ, లేదా ఒక కథకుల కుటుంబం, వీటిలో ఏదో ఒకదానిని ఎంచుకోండి. చరిత్ర కోసం వెతికేవారికి కథకుల కుటుంబమే అన్నిటికంటే మంచి దారి అని నా అభిప్రాయం. తెలుగు నేల మీద అనేక కులాలకు వారి కులపురాణం, గోత్రాలు, వంశావళి చెప్పే ఆశ్రిత కథకులు వేరువేరుగా ఉన్నారు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెబుతారు, పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గొల్లలకు మందహెచ్చులవారు కథ చెబుతారు. వీరిలో చాలామంది చేర్యాల నకాశీ చిత్రకారులు వేసిన పటాన్ని విప్పుకుంటూ, బొమ్మ బొమ్మకూ కథ నడుపుతారు. ఏ కుటుంబం ఏయే ఊళ్లలో కథ చెప్పుకోవాలో తెలిపే మిరాశీ హక్కు తాతల నుంచి వస్తుంది కాబట్టి, ఒక కథకుడి మిరాశీ ఊళ్ల జాబితా రాసుకుంటే ఒక కులం ఎక్కడెక్కడ స్థిరపడిందో చూపే పటం చేతికి వచ్చినట్టే.

కథను హద్దుగా పెట్టుకునేవారికి పల్నాటి వీరుల కథ మంచి నమూనా. శ్రీనాథుడి పేరున ప్రసిద్ధమైన ద్విపద కావ్యం ఒకటి ఉంది, దానిని అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రచురించారు. అదే కథను గాయకులు నోటి మాటగా పాడే సంప్రదాయం వేరుగా ఉంది. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ ఆ మౌఖిక కథను అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడగా రికార్డు చేసి, ఆంగ్లంలోకి అనువదించి 1982లో ఆక్స్‌ఫర్డ్ ద్వారా ప్రచురించాడు. గాయకుడి పేరు ఆ పుస్తకం పేరులోనే ఉందన్న సంగతి గమనించండి. ‘ఒక వృద్ధ గాయకుడు’ అని రాసి వదిలేసే అలవాటు మనలో చాలామందికి ఇంకా పోలేదు. కారెంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అనే పేర్లతో అయిదు రోజులు సాగే వీరుల ఆరాధన ఆ కథకు సందర్భం. ఆ అయిదు రోజులూ చూడకుండా కథను మాత్రమే రికార్డు చేసినవారికి, కోడిపందెం ఘట్టం వద్ద జనం ఎందుకు అలా కదిలిపోతారో అర్థం కాదు.

రెండో మెట్టు: ఊళ్లోకి ఎవరి వెంట వెళ్తున్నారు

ఇది సాంకేతిక విషయం కాదు కాబట్టి మార్గదర్శులలో సాధారణంగా కనిపించదు, కానీ రికార్డింగు నాణ్యతను మైకు కంటే ఎక్కువగా నిర్ణయించేది ఇదే. సర్పంచి ఇంట్లో టీ తాగి, ఆయన మనిషిని వెంటబెట్టుకొని వెళ్లి వెట్టిచాకిరీ గురించి అడిగితే, ఆ ఇంటి ముందు ఒకప్పుడు వెట్టి చేసిన కుటుంబపు ముసలాయన ‘అప్పుడు అందరం మంచిగనే ఉంటిమి’ అని ముగిస్తాడు. అదే మనిషి మనవడితో కలిసి వాళ్ల వాడలోనే కూర్చుంటే వేరే చరిత్ర వినిపిస్తుంది. ఎవరి గడపలో కూర్చుంటున్నారో, నేల మీదనా కుర్చీలోనా, వాళ్లు ఇచ్చిన నీళ్లు తాగారా లేదా అన్నవన్నీ వాళ్లు గమనిస్తారు.

మొదటిసారి రికార్డర్ లేకుండా వెళ్లండి. మీరు ఎవరో, ఎవరి కొడుకో కూతురో, ఈ పని ఎందుకు చేస్తున్నారో, దీనితో డబ్బు వస్తుందా రాదా అన్నది దాచకుండా చెప్పండి. కథకులకు ప్రదర్శన జీవనోపాధి. రాత్రంతా కథ చెబితే వాళ్లకు ఊళ్లో ఎంత ముట్టుతుందో ముందే కనుక్కొని, అంతకు తగ్గకుండా ఇవ్వడం న్యాయం. బియ్యం, బట్టలు పెట్టే ఆచారం ఉన్నచోట అది కూడా పాటించాలి. ఇచ్చినది ఎంతో మీ నోటు పుస్తకంలో రాసుకోండి, తరువాత తరం పరిశోధకులకు ఆ లెక్క కూడా చరిత్రే. ముచ్చట చెప్పినవారికి మాత్రం డబ్బు చేతిలో పెట్టడం నాకు ఇష్టం ఉండదు. పండ్లో, మనవళ్లకు పుస్తకాలో తీసుకెళ్తాను. ఒక పూట కూలి వదులుకొని మాట్లాడినవారి విషయం వేరు, వారికి ఆ కూలి ఇచ్చి తీరాలి.

మూడో మెట్టు: అనుమతి

భారత కాపీరైటు చట్టం (1957) 38వ సెక్షన్ ప్రకారం పాట పాడినవారికీ కథ చెప్పినవారికీ తమ ప్రదర్శన మీద ప్రత్యేకమైన ప్రదర్శకుల హక్కు ఉంటుంది. ఆ హక్కు ప్రదర్శన జరిగిన మరుసటి సంవత్సరం మొదలు 50 ఏళ్లు నిలుస్తుంది. తమ పేరు చెప్పమని అడిగే హక్కునూ, పరువుకు భంగం కలిగేలా ప్రదర్శనను వికృతం చేయకుండా అడ్డుకునే హక్కునూ 2012 సవరణ ద్వారా చేర్చిన 38బి సెక్షన్ వారికి ఇచ్చింది. రికార్డింగు మీద హక్కు వేరు, దానికి 60 ఏళ్ల గడువు. మీ ఫోనులో పడింది కాబట్టి మీ సొంతం అనుకోవడం చట్టం ముందు నిలవదు.

వేలిముద్ర వేయించుకునే కాగితాలంటే పల్లెల్లో భయం ఉంది, అది నిష్కారణమైన భయం కూడా కాదు. భూమి పోగొట్టుకున్న కథలు చాలావరకు ఒక వేలిముద్రతోనే మొదలవుతాయి. అందుకే నేను అనుమతిని నోటి మాటగా, రికార్డింగులోనే తీసుకుంటాను. అడిగే మాటలు ఇలా ఉంటాయి: ‘అవ్వా, నువ్వు చెప్పేది ఈ పెట్టెలో దాచిపెడుతున్నాను. దీన్ని మీ ఇంట్లోవాళ్లే వినాలా, చదువుకునే పిల్లలు వినవచ్చా, ఫోన్లలో లోకమంతా వినవచ్చా? నీ పేరు చెప్పాలా, వద్దా? ఏదైనా మాట తీసేయమంటే ఎప్పుడైనా తీసేస్తాను.’ ఈ నాలుగింటికీ జవాబులు విడివిడిగా రావాలి. ‘సరే బిడ్డా, నీ ఇష్టం’ అన్నది జవాబు కాదు, మర్యాద. మళ్లీ ఒక్కొక్కటిగా అడగండి. రజాకార్ల కాలం గురించో, పార్టీ దళాల గురించో, పొరుగువారి భూతగాదా గురించో చెప్పిన భాగాలను ఇరవై ఏళ్ల పాటు ఎవరికీ వినిపించవద్దని కోరవచ్చు. ఆ కోరిక ఫైలుతోపాటు ప్రయాణించేలా రాసి పెట్టాలి.

కొన్ని కథలకు వేరే రకం అనుమతి కావాలి. పట్నం (దేవుడి ముందు రంగుపొడులతో వేసే ముగ్గు) వేయకుండా, బోనం పెట్టకుండా కొన్ని ఘట్టాలు పాడబోమని కథకులు అంటారు. ‘ఉత్తగా పాడితే ఏమవుతుంది’ అని బతిమాలకండి. పాడనన్న మాటను, ఎందుకు పాడరో వారు చెప్పిన కారణాన్ని రికార్డు చేసుకుంటే చాలు.

నాలుగో మెట్టు: పరికరాలు

దీని మీద తక్కువ చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆరు నెలలు గడిపి ఊరికి వెళ్లకుండా ఉండిపోతారు. జూమ్, టాస్కామ్ వంటి చేతిరికార్డర్ ఉంటే మంచిది, లేకపోతే వేవ్ ఫైలుగా రికార్డు చేయగల యాప్ ఉన్న ఫోనూ, దానికి తగిలించే కాలర్ మైకూ సరిపోతాయి. ఎంపీ3లో కాక వేవ్‌లో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల నాణ్యతతో రికార్డు చేయండి. రెండు చానెళ్లతో గంటకు ఒక గిగాబైటుకు కొంచెం ఎక్కువ స్థలం పడుతుంది, కాబట్టి 32 గిగాబైట్ల కార్డులో సుమారు 30 గంటలు పడతాయి. కార్డులు రెండు, బ్యాటరీలు రెండు జతలు, గాలి చప్పుడు ఆపే స్పాంజి తొడుగు, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు తప్పనిసరి. హెడ్‌ఫోన్లు పెట్టుకోకుండా రికార్డు చేయడమంటే రుచి చూడకుండా వందమందికి వండటమే. ఫోనుతో రికార్డు చేసేటప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.

అయిదో మెట్టు: ముచ్చట

సీలింగ్ ఫ్యాను ఆపించండి. టీవీ, ఫ్రిజ్ చప్పుడు లేని గది గానీ, మధ్యాహ్నం పూట అరుగు గానీ ఎంచుకోండి. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి, చీర కొంగుకూ గాజులకూ తగలకూడదు. రికార్డర్ మీటరు మీద మాట గరిష్ఠంగా మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగేలా స్థాయి సరిచేసుకోండి. మొదట మీ గొంతుతో తేదీ, ఊరు, మండలం, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఎవరిని అడుగుతున్నారు అన్నది చెప్పండి. నా క్యాసెట్‌లో లేనిది ఈ ఇరవై సెకన్లే.

ప్రశ్నలు రాసుకొని వెళ్లండి, కానీ కాగితం చూసి చదవకండి. ‘ఆ రోజుల్లో చాలా కష్టపడ్డారు కదా?’ అన్న ప్రశ్నకు ‘అవును’ తప్ప జవాబు లేదు. ‘పొద్దున లేచి మొదట ఏ పని చేసేవాళ్లు?’ అని అడిగితే నీళ్ల బావి, ఆ బావికి ఎవరిని రానిచ్చేవారు కాదు, దొర గడీలో (కోటలాంటి ఇంట్లో) వాకిలి ఊడ్చే వంతు ఎవరిది అన్నవి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మనిషి ఆగినప్పుడు మీరు అందుకోకండి. ఆగిన చోట పది సెకన్లు ఓపిక పడితే, ఆ తరువాత వచ్చే వాక్యమే చాలాసార్లు అసలైనది.

తేదీల విషయంలో ఒక చిట్కా. పల్లె జ్ఞాపకం సంవత్సరాలను అంకెలతో లెక్కపెట్టదు. ‘మా పెద్దోడు కడుపుల ఉన్నప్పుడు పట్నంకెల్లి మిలిట్రీ వచ్చింది’ అని ఒక అవ్వ చెప్పింది. హైదరాబాదు రాజ్యంలోకి భారత సైన్యం వచ్చిన పోలీసు చర్య 1948 సెప్టెంబరులో జరిగింది కాబట్టి, మిలిటరీ అంటే ఆమె ఉద్దేశం అదే అయితే పెద్ద కొడుకు వయసు దానితో సరిపోవాలి. ‘పెద్దోనికి పేరు పెట్టినప్పుడు ఏం పంట చేల మీద ఉండె?’ అని అడిగితే, ‘జొన్న కోతకు వచ్చింది, నేను కంకుల మోపు దించి ఏడ్చే పిల్లగాన్ని ఎత్తుకున్న’ అని ఆమె తల మీద రెండు చేతులు పెట్టి మోపు దించుతున్నట్టు చూపించింది. ఆ ఒక్క మాటతో కాలం నెలలోకి దిగింది. ఇలాంటి గుర్తులను ప్రాంతాన్నిబట్టి ముందే జాబితా వేసుకోండి: కృష్ణా డెల్టాలో 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన, నాగార్జునసాగర్ ఆయకట్టులో 1967లో కాలువకు నీళ్లు వదిలిన ఏడు, కృష్ణ ఒడ్డున శ్రీశైలం ముంపు. పాత తరాల మాటగా వచ్చే ‘ధాత కరువు’ 1876–78 నాటిది. పాత హైదరాబాదు రాజ్యపు కాగితాలు చూపిస్తే ఫసలీ (అప్పటి రెవెన్యూ లెక్క) సంవత్సరానికి 590 కలుపుకోండి, 1357 ఫసలీ అంటే 1947–48. తెలుగు సంవత్సరాల పేర్లు చెప్పేవారూ ఉన్నారు, కానీ పేరు అరవై ఏళ్లకు మళ్లీ వస్తుంది కాబట్టి ‘పింగళ’ అన్నప్పుడు 1917నా 1977నా అన్నది మనిషి వయసుతో తేల్చుకోవాలి.

మనిషి చెప్పిన తేదీ తప్పయినా ఆపి సరిదిద్దకండి. తప్పు కూడా సమాచారమే. రెండు సంఘటనలను ఆమె మనసు ఎందుకు ఒకటి చేసిందన్నది మీరు తరువాత ఆలోచించవలసిన ప్రశ్న.

ఆడవాళ్ల ముచ్చటను మగవాళ్ల మధ్య రికార్డు చేయడం వృథా. ఇంటాయన పక్కన కూర్చుంటే ప్రతి వాక్యాన్నీ ఆయనే పూర్తి చేస్తాడు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను వారి మాటల్లోనే రికార్డు చేసి, స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పేరుతో తెచ్చిన పుస్తకం ఈ విషయంలో ఇప్పటికీ చదివి తీరవలసినది. పోరాటం గురించి అప్పటికే పుస్తకాలు ఉన్నా, దళంలో ఉండగా కన్న బిడ్డను ఏం చేయాలన్న ప్రశ్న ఒక ఉద్యమ చరిత్రలోకి రావాలంటే ఆ స్త్రీలను ఎవరో విడిగా కూర్చొని అడగవలసి వచ్చింది.

ఆరో మెట్టు: పాట

పాటను మూడుసార్లు రికార్డు చేయాలన్నది నా నియమం. మొదటిసారి అది సహజంగా జరిగే సందర్భంలో, రెండోసారి సద్దు లేని చోట విడిగా, మూడోసారి రికార్డింగును గాయకుడికే వినిపిస్తూ.

సందర్భంలో రికార్డు చేయడం అన్నిటికంటే కష్టం. ఒగ్గు కథలో డోలు, తాళాలు, కంజీర ముందు కథకుడి గొంతు మునిగిపోతుంది. రికార్డర్‌ను స్టాండు మీద, మనిషి తల ఎత్తులో, ఎనిమిది అడుగుల దూరంలో, డోలు వాయించేవారికి ఎదురుగా కాక ప్రధాన కథకుడి వైపు తిప్పి పెట్టండి. వీలైతే కథకుడికి విడిగా ఒక కాలర్ మైకు తగిలించి మరో రికార్డర్‌లో నడిపించండి. రెండూ మొదలయ్యాక ఒకసారి గట్టిగా చప్పట్లు కొడితే, తరువాత రెండు ఫైళ్లను ఆ చప్పుడు దగ్గర కలుపుకోవచ్చు. డోలు ఎంత గట్టిగా మోగినా మైనస్ 6 డెసిబెళ్లు దాటకూడదు. పరీక్షగా వాయించమన్నప్పుడు ఎవరూ అసలు బలంతో వాయించరు, కాబట్టి అప్పుడు కనిపించిన స్థాయి కంటే ఇంకా తగ్గించి పెట్టుకోండి. గొంతు దానంతట అదే పెంచి తగ్గించే ఆటో గెయిన్‌ను, లోతైన ధ్వనులను కోసేసే లో కట్‌ను పాటల దగ్గర ఆపేయాలి, లేకపోతే డోలు అట్టపెట్టె చప్పుడులా వినిపిస్తుంది. ఊళ్లో లౌడ్‌స్పీకర్లు పెడితే స్పీకరుకు దూరంగా, కథకుడికి దగ్గరగా జరగండి.

కిన్నెర వంటి మెత్తని తీగ వాద్యానికి దీనికి పూర్తిగా వ్యతిరేకం చేయాలి. రెండడుగుల దూరంలో, గది లోపల, కిటికీలు మూసి రికార్డు చేయాలి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే నాగర్‌కర్నూల్ ప్రాంతపు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక ఆ వాద్యం పేరు అందరికీ తెలిసింది. పేదల పక్షాన నిలిచిన వీరుడిగా ఆ కిన్నెర మీద పాడే పండుగ సాయన్న కథ పాలమూరు చరిత్రలో ఒక అధ్యాయం. ఇలాంటి వాద్యం ఎదురైనప్పుడు పాటతో ఆగకుండా, వెదురు ఎక్కడిది, సొరబుర్రలు ఎలా ఎండబెట్టారు, తేనెమైనంతో మెట్లు ఎలా అతికిస్తారు అన్నది చేతుల దగ్గరి వీడియోతో సహా తీసుకోండి. వీడియోలో మొహం మీదికి జూమ్ చేసే ఉత్సాహం చాలామందికి ఉంటుంది, కానీ వాద్యం నేర్చుకోవాలనుకునే పిల్లవాడికి కావలసినది వేళ్లు.

పని పాటలకు పని కావాలి. ఇంట్లో కూర్చోబెట్టి వరినాట్ల పాట పాడమంటే రెండు చరణాలకు ‘యాదికొస్తలేదు బిడ్డా’ అంటారు. ఒక ఊళ్లో అలా అన్న పెద్దమ్మను, మూలన ఉన్న రోకలి తీసుకొని వట్టి రోట్లో దంచమన్నాను. నాలుగు పోట్లు పడ్డాయో లేదో, దంపుడు పాట తనంతట తానే వచ్చింది. పదకొండు చరణాల తరువాత రోకలి పక్కన పెట్టగానే పాటా ఆగిపోయింది. ఆ మరచిపోవడం వయసు వల్ల కాదు, పాట ఆమె చేతుల్లో ఉంది. కాబట్టి నాట్ల కాలంలో పొలం గట్టు మీద, పెళ్లిళ్లలో నలుగు పెట్టేచోట, బతుకమ్మ ఆడేచోట రికార్డర్‌తో ఉండటానికి మీ క్యాలెండర్‌ను వారి క్యాలెండర్‌కు సర్దుకోవాలి. చావు ఇంట ఏడ్పు పాటల విషయం మాత్రం వేరు. అక్కడ రికార్డర్ తీయకండి. సంవత్సరీకం అయ్యాక, ఆ ఇంటివారే ఇష్టపడితే అడగండి.

మూడో రికార్డింగును దాదాపు ఎవరూ చేయరు, అసలు చరిత్ర బయటపడేది మాత్రం అక్కడే. ముందు రోజు పాడినదాన్ని గాయకుడికి స్పీకరులో వినిపిస్తూ, రెండో రికార్డర్ నడిపిస్తూ, ప్రతి చోటా ఆపి అడగండి: ఈ ఊరి పేరు ఇప్పుడు ఏమని పిలుస్తారు? ఈ ఇంటిపేరువారు ఇప్పుడు ఉన్నారా? ఈ చరణం మీ నాన్న ఇలాగే పాడేవాడా? ఫలానా ఊళ్లో ఈ భాగం ఎందుకు వదిలేస్తారు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబులు ఆసక్తిగా ఉంటాయి. వినేవారి కులాన్నిబట్టి, కథలో ఓడిపోయినవారి వంశస్థులు ఎదురుగా ఉన్నారా లేదా అన్నదాన్నిబట్టి కథకుడు కథను మలుస్తాడు. మీరు విన్నది ‘అసలు పాఠం’ కాదు, ఆ రోజు ఆ జనం ముందు పాడిన పాఠం. ఈ సంగతి రికార్డులోకి రాకపోతే, మీ ఫైలు మరొకరి చేతిలో కులాల గొడవకు సాక్ష్యంగా మారే ప్రమాదం ఉంది.

ఏడో మెట్టు: అదే రాత్రి చేయవలసిన పని

ఎంత అలసిపోయినా పడుకునే లోపు కార్డులోని ఫైళ్లను లాప్‌టాప్‌లోకీ, బయటి హార్డ్‌డిస్క్‌లోకీ కాపీ చేయండి. రెండు చోట్లా ఫైళ్లు తెరిచి విన్నాక గానీ కార్డును ఖాళీ చేయకండి. మూడో ప్రతి వేరే ఊళ్లో, వేరే ఇంట్లోనో, ఇంటర్నెట్ నిల్వలోనో ఉండాలి. ఫైలు పేరు ఆంగ్ల అక్షరాలతో, ఖాళీలు లేకుండా, సంవత్సరం–నెల–రోజు, ఊరు, వరుస సంఖ్య అనే క్రమంలో ఉంటే ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటుంది. మొదటి వేవ్ ఫైలును ఎప్పటికీ ముట్టుకోవద్దు. చప్పుడు తగ్గించడం, కత్తిరించడం వంటివన్నీ దాని నకలు మీద చేయాలి.

ఒక్కో రికార్డింగుకు ఒక్కో పేజీ వివరాలు రాయండి: ఎవరు, వయసు, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, పాట పేరు, సందర్భం, వాద్యాలు, అక్కడున్నవారు, అనుమతి షరతులు, ఏ పరికరం. తరువాత నిమిషాలవారీగా సూచిక: ‘12:40, గడీ వాకిలి ఊడ్చే వంతు, 17:05, బావి తగాదా’ అన్నట్టుగా. విన్నదంతా అక్షరాల్లో రాయడానికి నాకు గంట రికార్డింగుకు ఎనిమిది గంటలు పడుతుంది, అందుకే అన్నీ రాయాలని పెట్టుకోను. సూచిక మాత్రం ప్రతిదానికీ తప్పదు.

రాసేటప్పుడు యాసను దిద్దకండి. ‘అత్తన్న’ను ‘వస్తున్నాను’గా మార్చిన క్షణం మీరు ఆ మనిషిని వేరే జిల్లాకు పంపించినట్టే. కుంచం, మానిక, సోల, తవ్వ వంటి కొలతలకూ, మాలీపటేలు, పట్వారీ, సేతుసింధీ వంటి ఉద్యోగాల పేర్లకూ పక్కన వివరణ ఇవ్వండి, మాట మాత్రం అలాగే ఉంచండి. వినిపించని చోట ఊహించి పూరించకుండా చుక్కలు పెట్టండి.

ఎనిమిదో మెట్టు: పాత క్యాసెట్లు

కథకుల ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున క్యాసెట్లు ఉంటాయి. అవి మీరు చేయబోయే కొత్త రికార్డింగుల కంటే విలువైనవి కావచ్చు, ఎందుకంటే అందులో ఉన్నది వాళ్ల నాన్న గొంతు. ముట్టుకోగానే ముందు చేయవలసిన పని, క్యాసెట్ పై అంచున రెండు మూలల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ రెక్కలను విరిచేయడం. అవి లేకపోతే పొరపాటున రికార్డు మీట నొక్కినా టేపు చెరగదు. బూజు పట్టినదాన్ని నేరుగా ప్లేయర్‌లో పెట్టకండి, బూజు ప్లేయర్ హెడ్‌కు అంటుకొని తరువాతి క్యాసెట్‌కూ పాకుతుంది. బాగున్న టేపును ముందు చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, హెడ్‌ను స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, ఒకే విడతలో మొత్తం కంప్యూటరులోకి ఎక్కించండి. రెండోసారి అది నడుస్తుందన్న నమ్మకం లేదు. అట్ట మీది రాతను, ఖాళీ అట్టనైనా సరే, ఫోటో తీసుకోండి.

నా క్యాసెట్ విషయానికి వస్తే, అందులోని ఇంటిపేర్లను రాసుకొని రెండేళ్ల పాటు కనిపించిన కథకులనల్లా అడిగాను. మూడు ఇంటిపేర్లు ఒకే మండలంలో పక్కపక్క ఊళ్లలో ఉన్నాయని తేలింది. గొంతు ఎవరిదో ఇంకా తేలలేదు.

తొమ్మిదో మెట్టు: దాచడం, తిరిగి ఇవ్వడం

అనుమతి ఉన్నవాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ, వికీమీడియా కామన్స్‌లోనూ ఉంచవచ్చు. కామన్స్‌లో పెట్టినది వ్యాపారానికైనా ఎవరైనా వాడుకోవచ్చన్న సంగతి గాయకుడికి ముందే చెప్పాలి. సంస్థల్లో భద్రపరచాలనుకునేవారికి వరంగల్‌లోని తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం, సంగీత రికార్డింగుల కోసమే 1982లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ నెలకొల్పిన గురుగ్రామ్‌లోని ఆర్కైవ్ వంటివి ఉన్నాయి. ఏ సంస్థకు ఇచ్చినా మీ ప్రతిని మీరు ఉంచుకోండి. ఒక కార్యాలయానికి అప్పగించిన నా రికార్డింగులు గది మారినప్పుడు ఎటుపోయాయో అక్కడివారికే తెలియలేదు.

అన్నిటికంటే ముందు అందవలసిన ప్రతి ఆ ఇంటివారిది. వేవ్ ఫైళ్లున్న హార్డ్‌డిస్క్ వారికి పనికిరాదు. వాళ్ల ఫోనులో నేరుగా మోగేలా ఎంపీ3గా మార్చి, చిన్న భాగాలుగా చేసి, మెమరీ కార్డులో వేసి, పేర్లు తెలుగులో రాసి ఇవ్వండి. ఇచ్చి వెంటనే వచ్చేయకుండా కాసేపు కూర్చోండి. నలుగురూ చేరి వింటూ, ‘అట్ల కాదే, ఆ ఊరు కాదు, దానవతల వాగు ఒడ్డుది’ అని ఒకరినొకరు దిద్దుకోవడం మొదలుపెడతారు. అప్పుడు రికార్డర్ తీసి, మళ్లీ అనుమతి అడిగి, తేదీ, ఊరు, అక్కడున్నవారి పేర్లు చెప్పి, కొత్త ఫైలు మొదలుపెట్టండి.